నలుగురూ కట్టారు, కలిపేదెవరు? గేమ్ జామ్‌ల లోపలి లెక్క

క్లుప్తంగా: గేమ్ జామ్ అంటే రెండు మూడు రోజుల్లో ఒక చిన్న గేమ్‌ను మొదలుపెట్టి పూర్తి చేసే పోటీ. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకూ దీనికీ సంబంధం లేదు. మామూలు ల్యాప్‌టాప్, ఒక మోస్తరు నెట్ ఉంటే ఒడిశా సరిహద్దు ఊళ్లలోని తెలుగు యువత ఇంటి నుంచే పాల్గొనవచ్చు. కొత్త జట్లు ఎక్కువగా దెబ్బతినేది నలుగురు చేసిన పనిని ఒకచోట చేర్చే దగ్గర. తెలుగు అక్షరాలు తెరపై విరిగిపోవడం రెండో చిక్కు. రెండింటికీ దారులున్నాయి, అయితే మొదటి రోజే పట్టించుకోవాలి.

‘గేమ్’ అనే మాటతోనే చిక్కు

పర్లాకిమిడిలోనో బరంపురంలోనో ఒక ఇంట్లో పిల్లలు ‘గేమ్ చేస్తున్నాం, ఈ శని ఆదివారాలు కదలలేం’ అంటే పెద్దవాళ్లకు ముందుగా గుర్తొచ్చేది రమ్మీ యాప్‌లు, వాటి వల్ల అప్పులపాలైన కుటుంబాలు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పందెంతో సాగే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం ఏకంగా దేశమంతటికీ చట్టం తెచ్చింది. అప్పటి నుంచి ‘గేమ్‌లు బ్యాన్ చేశారట కదా’ అన్న మాట చాలా ఇళ్లలో వినబడుతోంది.

నిజానికి ఆ చట్టం ఆన్‌లైన్ ఆటలను మూడుగా విడదీస్తుంది: ఈ-స్పోర్ట్స్ (పోటీలుగా ఆడే వీడియో గేమ్‌లు), సోషల్ గేమ్స్ (పందెం లేకుండా సరదాకు ఆడేవి), మనీ గేమ్స్. నిషేధం మూడో దానికే. డబ్బు కట్టి, తిరిగి డబ్బు గెలుస్తామన్న ఆశతో ఆడేవి అందులోకి వస్తాయి. మొదటి రెండింటినీ ప్రోత్సహించాలని అదే చట్టం చెబుతోంది. జామ్‌లో తయారయ్యే గేమ్‌లో పందెం ఉండదు. పేరున్న జామ్‌లలో చాలావాటికి ఎంట్రీ ఫీజు కూడా ఉండదు. ఈ ఒక్క తేడా ఇంట్లో ముందే విడమరచి చెబితే సగం గొడవ తగ్గుతుంది.

జామ్ ఎక్కడి నుంచి వచ్చింది

లూడమ్ డేర్ అనే జామ్ 2002లో మొదలైంది. లాటిన్‌లో ఆ పేరుకు ‘ఆటను ఇవ్వడం’ అని అర్థం. ఇందులో ఒక్కరే 48 గంటల్లో అంతా చేసే విభాగం ఒకటి, జట్టుగా 72 గంటల్లో చేసే విభాగం మరొకటి ఉంటాయి. 2009లో గ్లోబల్ గేమ్ జామ్ 23 దేశాల్లోని 53 చోట్ల ఒకేసారి జరిగింది. ‘గేమ్ మేకర్స్ టూల్‌కిట్’ అనే యూట్యూబ్ చానెల్ 2017లో మొదలుపెట్టిన జీఎమ్‌టీకే జామ్‌కు 2024లో 7 వేలకు పైగా గేమ్‌లు వచ్చాయి. వీటన్నింటిలోనూ పద్ధతి ఒకటే. గడియారం మొదలయ్యేదాకా ఇతివృత్తం ఎవరికీ చెప్పరు. చెప్పాక గడువులోగా ఆడదగ్గ గేమ్ ఒకటి పెట్టాలి.

జామ్‌లో పుట్టిన చిన్న ఆలోచన పెద్ద గేమ్‌గా ఎదగడం కూడా ఉంది. ‘బాబా ఈజ్ యూ’ అనే పజిల్ గేమ్ 2017 నార్డిక్ గేమ్ జామ్‌లో చిన్న నమూనాగా పుట్టి, 2019లో పూర్తి గేమ్‌గా విడుదలైంది. పాల్గొన్న అందరికీ అలా జరగదు. ఎక్కువమందికి దక్కేది పూర్తి చేసిన ఒక గేమ్, దాన్ని ఎవరికైనా పంపగలిగే ఒక లింకు. ఉద్యోగానికో ఇంటర్న్‌షిప్‌కో దరఖాస్తు చేసేటప్పుడు ఆ లింకు పనికొస్తుంది. సగంలో ఆగిన పది ప్రాజెక్టులున్నా అంత ఉపయోగం ఉండదు.

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం ఎందుకు

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే వరకు గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. గీత మారింది గానీ చుట్టరికాలు మారలేదు. పర్లాకిమిడికీ శ్రీకాకుళం జిల్లా పాతపట్నానికీ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. ఒడిశా వైపు తెలుగు ఇళ్లలో పిల్లలు ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, తరగతిలో ఇంగ్లీషు మాట్లాడడం రోజువారీ విషయం. తెలుగు గలగలా మాట్లాడుతూనే చదవడం, రాయడం రాని పిల్లలూ కనిపిస్తారు. ఈ సంగతి గేమ్‌లోకి కూడా వస్తుంది, తర్వాత చూద్దాం.

చదువుల విషయంలో ఈ ప్రాంతం వెనకబడిందేమీ కాదు. పర్లాకిమిడిలో సెంచూరియన్ విశ్వవిద్యాలయం, గుణుపురంలో జీఐఈటీ, బరంపురం దగ్గర పరలా మహారాజా ఇంజినీరింగ్ కళాశాల ఉన్నాయి. కోడింగ్ తెలిసిన పిల్లలకు కొరత లేదు. లేనిది గేమ్ పరిశ్రమ. స్టూడియోలు, సదస్సులు, అనుభవం ఉన్న సీనియర్లు హైదరాబాద్, బెంగళూరు, పుణె లాంటి చోట్ల పోగయ్యారు. పక్కన కూర్చుని ‘ఇది ఇలా కాదమ్మా, ఇలా చెయ్’ అని చెప్పేవాళ్లు దగ్గర్లో దొరకరు. జామ్ ఆ లోటును కొంత పూడుస్తుంది. గేమ్ పెట్టిన మర్నాటి నుంచి ఎక్కడెక్కడివాళ్లో ఆడి, ఎక్కడ విసుగొచ్చిందో రాసి చెబుతారు.

పరికరాల ఖర్చు ఒకప్పుడు పెద్ద అడ్డంకి. ఇప్పుడు గోడో అనే ఇంజన్, అంటే గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్, ఉచితం. 2014లో దాని సోర్స్ కోడ్‌ను అందరికీ విడుదల చేశారు. ఇలాంటివే అయిన యూనిటీకి గిగాబైట్లలో డౌన్‌లోడ్ కావాలి, అన్‌రియల్‌కు అంతకంటే ఎన్నో రెట్లు. గోడో ఎడిటర్ దాదాపు వంద ఎంబీలోపు వచ్చేస్తుంది, గేమ్‌ను బ్రౌజర్‌లో ఆడేలా మార్చడానికి కావాల్సిన ఫైళ్లు మాత్రం వేరుగా దించుకోవాలి. ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికే జట్టుకు ఇది చిన్న విషయం కాదు. గ్రాఫిక్స్ కార్డు లేని పాత ల్యాప్‌టాప్‌లో ‘కంపాటిబిలిటీ’ అనే రెండరర్‌ను (బొమ్మలను తెరపై గీసే పద్ధతిని) ఎంచుకుంటే చిన్న 2డీ గేమ్ హాయిగా నడుస్తుంది. 2023 సెప్టెంబరులో యూనిటీ తనతో చేసిన గేమ్‌ల ఒక్కో ఇన్‌స్టాల్‌కు ఇంత అని ఫీజు ప్రకటించింది. ఏడాది తర్వాత వెనక్కి తీసుకున్నా, ఆ మధ్య కాలంలో చాలామంది చిన్న డెవలపర్లు గోడో వైపు జరిగారు. నేర్చుకోవడానికి వీడియోలు, ఉదాహరణలు పెరగడానికి అదీ ఒక కారణం.

కాలెండర్ మాత్రం మన వైపు లేదు. లూడమ్ డేర్ ఇటీవలి సంవత్సరాల్లో ఎక్కువగా ఏప్రిల్, అక్టోబరు నెలల్లో జరుగుతోంది. ఏప్రిల్ అంటే పరీక్షల కాలం. అక్టోబరు అంటే తుఫాన్లు. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. అంత పెద్ద తుఫానే రానక్కర్లేదు, గట్టి గాలివాన వచ్చినా కరెంటు గంటల తరబడి పోతుంది. అందుకే పని ఒక్క ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోకుండా ఫైళ్లను ఆన్‌లైన్‌లో దాచే గిట్‌హబ్ లాంటి చోటికి గంటకోసారి పంపుతూ ఉండడం ఈ ప్రాంతం జట్లకు మరీ అవసరం.

ఒక జట్టు, 48 గంటలు

లోపల ఏం జరుగుతుందో తెలియాలంటే ఒక జట్టును ఊహించుకుందాం. కోడ్ రాసేవాళ్లు ఇద్దరు, ఒకరు పర్లాకిమిడిలో, ఒకరు గుణుపురంలో. బొమ్మలు గీసే అమ్మాయి బరంపురంలో. శబ్దాలు, మాటలు చూసుకునే కుర్రాడు పాతపట్నంలో. బ్రిటన్‌లో వేసవి సాయంత్రం 6 అంటే మనకు రాత్రి 10:30. గడియారం అప్పుడు మొదలైందనుకుందాం. ఇతివృత్తం ‘పాత్రలు తారుమారు’. ఇది 2023 జీఎమ్‌టీకే జామ్‌కు నిజంగా ఇచ్చినదే.

మొదటి గంటలో వచ్చే ఆలోచనలు ఎప్పుడూ భారీగా ఉంటాయి. మహేంద్రగిరి మీద పులి, దాన్ని వేటాడే మేకలు, ఐదు లెవెళ్లు, వాన, రాత్రి, పగలు, చివర పెద్ద పోరాటం. నేల విడిచి సాము అంటే ఇదే. రెండు రాత్రుల్లో నలుగురి చేతిలో ఉన్నది, నిద్ర తీసేస్తే, మనిషికి 30 గంటల పని. అందులో కనీసం మూడో వంతు తప్పులు సరిదిద్దడానికే పోతుంది.

అదే జట్టు పులి-మేక వైపు చూస్తే లెక్క మారిపోతుంది. ఇంటి అరుగు మీద సుద్దముక్కతో గీసుకునే ఆట. గీతలు కలిసే 23 బిందువులు, 3 పులులు, 15 మేకలు. పులి మేక మీదుగా దూకితే మేక పోతుంది. మేకలు చుట్టుముట్టి పులిని కదలనివ్వకపోతే గెలుస్తాయి. నియమాలు వందల ఏళ్ల వాడుకలో అరిగి నునుపైనవి, కొత్తగా కనిపెట్టే పని లేదు. దీనికి ఒక్క మార్పు చేస్తే ఇతివృత్తం కుదిరిపోతుంది: ప్రతి ఐదు ఎత్తులకూ ఆటగాడు వైపు మారతాడు. అప్పటిదాకా మేకలతో కష్టపడి బంధించిన పులి ఇప్పుడు తనదే, పన్నిన ఉచ్చు తన మెడకే. ఒక బోర్డు, రెండు రకాల పావులు, ఒక మెలిక. 48 గంటలకు ఇది సరిపోయే కొలత.

వామనగుంటలు, అష్టాచెమ్మా, గంజాం, గజపతి ప్రాంతాలకు తెలిసిన గుండ్రటి గంజపా పేకలు, వీటిలోనూ ఇలాంటి అవకాశం ఉంది. దశావతార గంజపాలో అవతారానికి 12 చొప్పున 120 పేకలు. అన్నీ కాకుండా రెండు అవతారాలతోనే ఒక చిన్న గేమ్ అల్లుకోవచ్చు.

ఇక్కడ మరొక నిర్ణయం ఉంది. జామ్ గేమ్‌లను ఆడి మార్కులు వేసేవాళ్లు ఎక్కువగా ఒంటరిగా ఆడతారు, కాబట్టి ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడే గేమ్ చాలదు. కంప్యూటర్ ప్రత్యర్థి కావాలి. తెలివైన ప్రత్యర్థిని రాయాలని కూర్చుంటే శనివారం అంతా దానికే పోతుంది. ‘దూకడానికి మేక ఉంటే దూకు, లేకపోతే ఏదో ఒక ఎత్తు వెయ్’ అనే రెండు నియమాల పులి మొదటి రాత్రికి చాలు. సమయం మిగిలితే దానికి బుద్ధి నేర్పవచ్చు.

అతుకు దగ్గర జరిగేది

ఇప్పటిదాకా అంతా బాగానే ఉంటుంది. శనివారం రాత్రికి బోర్డు కదులుతుంది, పులి బొమ్మ అందంగా వస్తుంది, డప్పు శబ్దం సిద్ధం. కానీ నాలుగూ నాలుగు ల్యాప్‌టాప్‌లలో ఉన్నాయి. ఎవరికి వారే యమునా తీరే. ఆదివారం సాయంత్రం ఏడింటికి అన్నీ మొదటిసారి కలుస్తాయి. కొత్త జట్ల కథ చాలావరకు అడ్డం తిరిగేది అక్కడే.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. బరంపురం నుంచి వచ్చిన ఫైలు పేరులో ‘మేక’ మొదటి ఇంగ్లీషు అక్షరం పెద్దది. పర్లాకిమిడిలో రాసిన కోడ్‌లో అదే అక్షరం చిన్నది. విండోస్ ఈ రెండింటినీ ఒకటిగానే చూస్తుంది, ఎడిటర్‌లో గేమ్ చక్కగా నడుస్తుంది. బ్రౌజర్ కోసం ఎక్స్‌పోర్ట్ చేసిన (అక్కడ ఆడేలా మార్చి తీసిన) గేమ్‌లో మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు. లింకు తెరిస్తే బోర్డు ఉంది, పులులున్నాయి, మేకలు లేవు. ‘మేక కనపడట్లేదేంట్రా, నీ దగ్గర వస్తోందా?’ అని గ్రూపులో మెసేజ్. ‘నా దగ్గర వస్తోందిరా’ అని జవాబు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కోడ్‌లో తప్పు వెతుకుతూ రెండు గంటలు పోతాయి, తప్పున్నది ఫైలు పేరులో. ఫైళ్ల పేర్లన్నీ చిన్న అక్షరాలతోనే, ఖాళీలు లేకుండా పెట్టాలని మొదటి పది నిమిషాల్లో ఒప్పుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

బ్రౌజర్ వైపు ఇలాంటివి మరికొన్ని ఉన్నాయి. క్రోమ్ 2018 నుంచి, వాడేవాళ్లు ఒకసారి క్లిక్ చేసేదాకా పేజీని శబ్దం చేయనివ్వదు, కాబట్టి మొదటి తెరపై ‘మొదలుపెట్టు’ బటన్ ఉండాలి. గోడో 4లో సీ షార్ప్ భాషతో రాస్తే వెబ్‌కు ఎక్స్‌పోర్ట్ చేసే వీలు చాలాకాలంగా లేదు. ఇది తెలియక రాసుకుంటూ పోయిన జట్టుకు ఆదివారం రాత్రి దారి ఉండదు. గోడో 4 తొలి వెర్షన్లలో వెబ్ గేమ్ నడవాలంటే, గేమ్‌లు పెట్టుకునే వెబ్‌సైట్ అయిన ఇచ్.ఐఓ పేజీలో షేర్డ్ అరే బఫర్ అనే సెట్టింగ్ కూడా పెట్టాలి. 2024 ఆగస్టులో వచ్చిన 4.3 నుంచి ఆ పని లేకుండానే ఎక్స్‌పోర్ట్ చేయవచ్చు. ఇచ్‌లో పెట్టే జిప్‌లో ప్రధాన ఫైలు పేరు ‘ఇండెక్స్’ అని ఉండాలి. ఇవేవీ కష్టమైనవి కావు. ప్రశాంతంగా ఉంటే ఒక్కొక్కటి ఐదు నిమిషాల పని. గడువుకు 40 నిమిషాలుండగా ఎదురైతే కొండ.

డౌన్‌లోడ్ చేసుకుని ఆడే ఫైలు పెట్టేస్తే సరిపోదా అని అడగవచ్చు. పెట్టవచ్చు. కానీ ఎవరో తెలియని వాళ్ల ప్రోగ్రామ్‌ను తమ కంప్యూటర్‌లో నడపడానికి చాలామంది జంకుతారు. బ్రౌజర్‌లో అయితే ఒక్క క్లిక్కు. ఎక్కువమంది ఆడాలంటే వెబ్ తప్పదు.

అనుభవమున్న జట్లు పాటించే క్రమం దీనికి తలకిందులుగా ఉంటుంది. ముందు అతుకు, తర్వాత ముక్కలు. బొమ్మలు రాకముందే ఎర్ర గుండ్రం పులి, తెల్ల గుండ్రం మేక అనుకుని బోర్డు నడిపిస్తారు. పన్నెండో గంటకల్లా ఆ గుండ్రాల గేమ్‌నే ఇచ్‌లో ఎవరికీ కనబడని డ్రాఫ్ట్ పేజీగా పెట్టి, నలుగురూ తమ ఫోన్లలో తెరిచి చూస్తారు. ఆ తర్వాత గుండ్రం స్థానంలో బొమ్మ వస్తుంది, నిశ్శబ్దం స్థానంలో డప్పు వస్తుంది. ప్రతి మార్పు తర్వాతా లింకు పనిచేస్తోందో లేదో తెలుస్తూనే ఉంటుంది. ఏది చెడినా చెడగొట్టింది చివరి మార్పే కాబట్టి వెతకడం తేలిక.

ఒకే సీన్ ఫైలును (గేమ్‌లో బోర్డు, మెనూ లాంటి ఒక భాగం ఉండే ఫైలును) ఇద్దరు ఒకేసారి మార్చకూడదన్నది రెండో నియమం. అందరి మార్పులనూ దాచి కలిపే గిట్ అనే పరికరంలో అలా మార్చినవి కలిపేటప్పుడు ఘర్షణ వస్తుంది, అనుభవం లేనివాళ్లు ఆ ఘర్షణను తీర్చబోయి ఒకరి పనిని పూర్తిగా తుడిచేస్తారు. బోర్డు సీన్ పర్లాకిమిడిది, మెనూ సీన్ గుణుపురానిది అని మొదటే పంచుకోవాలి. బొమ్మలు, శబ్దాలు చేసేవాళ్లకు గిట్ రాకపోతే ఆ రెండు రాత్రుల్లో నేర్పనక్కర్లేదు. గూగుల్ డ్రైవ్ ఫోల్డర్‌లో పెడితే కోడ్ రాసేవాళ్లలో ఒకరు తీసుకుంటారు. ‘కలిపే పని నాది’ అని ఒకరు పేరు పెట్టి ఒప్పుకోవాలి, అంతకన్నా ముఖ్యమైనది లేదు. ఆ మనిషి కోడ్ తక్కువ రాసినా ఫర్వాలేదు.

అక్షరం విరిగితే

గేమ్‌లో తెలుగు కావాలనుకున్న జట్టుకు ఆదిలోనే హంసపాదు ఎదురవుతుంది. ‘స్త్రీ’ అనే అక్షరం మన కంటికి ఒకటి. కంప్యూటర్ దాన్ని ఆరు యూనికోడ్ (అన్ని భాషల లిపులకు కంప్యూటర్‌లో వాడే సంకేతాల) గుర్తులుగా దాచుకుంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారం. ఆ ఆరింటినీ కలిపి ఒక రూపంగా తెరపై పేర్చే పనిని షేపింగ్ అంటారు. ఆ పని చేయని ఇంజన్‌లో అక్షరాలు పొల్లులతో విడివిడిగా పడతాయి, వత్తులు కిందికి దిగవు. యూనిటీలో రాత చూపడానికి ఎక్కువమంది వాడే టెక్స్ట్‌మెష్‌ప్రోలో ఈ ఇబ్బంది ఉంది. గోడో 3లోనూ ఉండేది. 2023 మార్చిలో వచ్చిన గోడో 4 నుంచి షేపింగ్ అందులోనే ఉంది. ఒడియాకూ ఇదే వర్తిస్తుంది.

తెలుగు లిపి పెద్ద కంపెనీలనే తడబడేలా చేసింది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరం ఉన్న ఒక మెసేజ్ వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. యాపిల్ ప్రత్యేకంగా అప్‌డేట్ ఇచ్చి సరిచేయాల్సి వచ్చింది. కాబట్టి గేమ్‌లో అక్షరం విరిగిందని కుర్రాళ్లు తమను తాము తిట్టుకోనక్కర్లేదు.

గోడో 4లో కూడా ఒక మెలిక ఉంది. ఫాంట్ ఏదీ పెట్టకపోయినా ఎడిటర్‌లో తెలుగు కనిపిస్తుంది, ఎందుకంటే అది విండోస్‌లోని తెలుగు ఫాంట్‌ను అరువు తెచ్చుకుంటుంది. బ్రౌజర్‌లో ఆ అరువు దొరకదు. అక్షరాల చోట ఖాళీ డబ్బాలు వస్తాయి. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లలో ఒకదాన్ని ప్రాజెక్టులోనే చేర్చాలి. పాత్రల మాటలు టైప్ అవుతున్నట్టు ఒక్కో అక్షరమే రావాలనుకుంటే ‘స్త్రీ’ ఆరు ముక్కలుగా, మధ్యలో వికృతమైన రూపాలతో వస్తుంది. షేపింగ్ అయ్యాకే అక్షరాలు లెక్కించమనే సెట్టింగ్ ఉంది, అది పెడితే సరిపోతుంది.

మొదట చెప్పిన సంగతి ఇక్కడ తగులుతుంది. తెలుగు మాట్లాడి, చదవలేని పిల్లలు గేమ్ ఆడేవాళ్లలోనూ ఉంటారు. వాళ్ల కోసం రాతకన్నా రికార్డు చేసిన మాట మేలు. పాతపట్నం కుర్రాడి అమ్మమ్మ ‘పులొచ్చె, మేకల్ని తోలండర్రా’ అని ఫోన్‌లో చెబితే, ఆ మూడు సెకన్ల గొంతు పని చేసినంతగా పది వాక్యాల రాత చేయదు. విదేశీ ఆటగాళ్లకు కింద ఇంగ్లీషు చిన్నగా ఉంటే చాలు. భాషలెక్కువ ఉండడం ఈ ప్రాంతం జట్లకు భారమని అనుకుంటారు గానీ, వేల గేమ్‌ల మధ్య ఒకటి గుర్తుండిపోవడానికి అలాంటి గొంతే కారణం కావచ్చు.

హ్యాకథాన్‌తో పోలిస్తే

కాలేజీల్లో చాలామందికి స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ తెలుసు. 2017లో మొదలైన ఆ పోటీలో జట్టుకు ఆరుగురు, వారిలో కనీసం ఒక అమ్మాయి ఉండాలి. ప్రభుత్వ శాఖలు, సంస్థలు సమస్యలు ఇస్తాయి, జడ్జీలు తేలుస్తారు, నగదు బహుమతి ఉంటుంది. జామ్‌లో ఇవేవీ అలా ఉండవు. కాలేజీ అనుమతి అక్కర్లేదు, పదో తరగతి పిల్లవాడూ ఉద్యోగి అయిన అన్నయ్యా ఒకే జట్టులో ఉండవచ్చు. లూడమ్ డేర్ లాంటి వాటిలో బహుమతి సొమ్ము లేదు. సర్టిఫికెట్టు కోసం వచ్చేవాళ్లకు నిరాశే. హ్యాకథాన్‌లో పీపీటీ బాగుంటే సగం గట్టెక్కుతారు. జామ్‌లో లింకు తెరుచుకోకపోతే ఎంత బాగా మాట్లాడినా వినేవాళ్లుండరు.

గడువు తర్వాత

గేమ్ పెట్టేశాక చాలా జట్లు నిద్రపోయి, మళ్లీ ఆ పేజీ వైపు చూడవు. ఇది పెద్ద నష్టం. ఇలాంటి జామ్‌లలో మార్కులు వేసేది పాల్గొన్నవాళ్లే, ఆ ప్రక్రియ రోజుల తరబడి, లూడమ్ డేర్‌లో వారాల తరబడి సాగుతుంది. అక్కడ ర్యాంకు రావాలంటే కనీసం 20 మంది మార్కులు వేసి ఉండాలి. ఇతరుల గేమ్‌లు ఆడి, ఓపిగ్గా అభిప్రాయం రాసినవాళ్ల గేమ్‌ను వ్యవస్థ ముందుకు తెచ్చి చూపిస్తుంది. అంటే సోమవారం నుంచి నలుగురూ రోజుకు ఐదేసి గేమ్‌లు ఆడితే, 20 మార్కులు రావడం కష్టమేమీ కాదు.

వచ్చిన వ్యాఖ్యల్లో ‘బాగుంది’ అన్నవాటికన్నా ‘నాకు వైపు ఎప్పుడు మారిందో తెలియలేదు’ అన్నది విలువైనది. పులి-మేక జట్టుకు అలాంటి వ్యాఖ్యలు ఐదారు వస్తే, ఎత్తుల లెక్క తెరపై పెద్దగా చూపాలని, వైపు మారేటప్పుడు డప్పు మోగాలని తెలుస్తుంది. గడువు ముగిశాక గేమ్‌లో ఏ మార్పులకు అనుమతి ఉందో జామ్ నియమాల్లో చూసుకోవాలి. బగ్ సరిచేయనిచ్చేవీ ఉన్నాయి, ఏదీ ముట్టుకోనివ్వనివీ ఉన్నాయి. ముట్టుకోకూడదంటే సరిచేసిన వెర్షన్‌ను వేరే పేజీలో పెట్టుకోవచ్చు. పర్లాకిమిడిలోని ఇంట్లో పెద్దవాళ్లకు ఫోన్‌లో తెరిచి చూపించాల్సింది ఆ వెర్షనే. పులి-మేక వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.